దుప్పితోలు దుస్తులు: అమెరికా సరిహద్దు చరిత్రకు చేతిపని చెప్పు సాక్ష్యము

ఉత్తర అమెరికా పడమటి సరిహద్దు చరిత్రలో దుప్పితోలు దుస్తునకు గల ప్రసిద్ధి మరియే దుస్తునకును లేదు. 1823 నుండి 1841 వరకు వెలువడిన జేమ్స్ ఫెనిమోర్ కూపర్ నవలలలోని నాయకునకు తోలు కాలితొడుగులను బట్టియే 'లెదర్‌స్టాకింగ్' అను పేరు వచ్చినది. 1883లో ఆరంభమైన బఫెలో బిల్ ప్రదర్శనలును, 1954-55లో డిస్నీ సంస్థ టెలివిజనులో చూపిన డేవీ క్రాకెట్ కథలును ఆ దుస్తును, దాని కుచ్చులతో సహా, లోకమునకు పరిచయము చేసినవి. అయినను ఆ తోలు ఎట్లు తయారైనది, ఎవరు తయారుచేసిరి, నిజముగ దానిని ఎవరు ఎప్పుడు ధరించిరి అను ప్రశ్నలకు సమాధానము వెదకబోయినచో లిఖితాధారములు చాల పలుచనగ నున్నవి. కారణము స్పష్టము. వ్రాసినవారు ఆ తోలును కొన్నవారు, అమ్మినవారు, తొడిగినవారు. చేసినవారిలో అధికసంఖ్యాకులు ఆదివాసి స్త్రీలు. వారు వ్రాయలేదు, వ్రాసినవారు వారిని అడుగలేదు.

ఈ లోపమును మరియొక త్రోవలో పూరింప యత్నించుచున్నవారు కొన్ని దశాబ్దులుగా కలరు. అమెరికాలో గతకాలపు వేషముతో, గతకాలపు పనిముట్లతో గుడారములు వేసికొని, ఒక నిర్ణీతయుగపు జీవనమును కొన్ని దినములపాటు తిరిగి జీవించు ఔత్సాహికుల సంఘములున్నవి. ఈ వ్యాపారమునకు పునరభినయమనియు, దానిని సలుపువారికి పునరభినేతలనియు పేరు పెట్టుకొందము. దీనిని వేషమని కొట్టివేయుట సులభము. కాని వారిలో కొందరు అంగడిలో కొన్న తోలుతో తృప్తిపడక, పచ్చితోలు మొదలుకొని చొక్కాయి వరకు సమస్తమును స్వహస్తములతో చేసికొనుచున్నారు. ఆ పనిలో వారికి తెలియవచ్చిన సంగతులు చరిత్రకారునకు ఎంతవరకు ఆధారములగును, ఎచ్చట కాజాలవు అనుదానిని పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము. చేతిపని వ్రాతప్రతులకు బదులు కాదు. వ్రాతప్రతులలో మనము చదివియు చూడని మాటలను అది చూపగలదని మాత్రము నా మతము.

తెలుగు శాఖవారి పత్రికలో ఈ ప్రసంగమేల యని కొందరు శంకింపవచ్చును. మాండలిక వృత్తిపదకోశము 1962లో వ్యవసాయముతోను, 1971లో చేనేతతోను వెలువడిన నాటినుండి వృత్తిపదసేకరణము మన పరిశోధనలో నొక ప్రధానభాగమైనది. సేకర్త పనివాని నోటిమాటను వ్రాసికొనును. ఆ మాట వెనుకనున్న చేతి కదలికను ఎంతవరకు గ్రహించును? పదమున కర్థము వ్రాయుటకు ఆ పని కొంతయైనను చేసి చూడవలెనా? ఈ ప్రశ్న మనదియు. దుప్పితోలు విషయమున అది మరింత సూటిగ నెదురగును.

మొదట పేరును విచారింతము. 'బక్‌స్కిన్' అను ఆంగ్లపదమును జింకతోలని తెనిగించుట వాడుక. మన భాషలో జింక, ఇఱ్ఱి అను మాటలు ప్రాయికముగ కొమ్ములు రాల్చని జాతిని, దుప్పి, కణుజు అనునవి ఏటేట కొమ్ములు రాల్చు జాతిని తెలుపును. అమెరికాలోని తెల్లతోక మృగము రెండవ జాతిది. కావున దుప్పితోలనియే వ్యవహరింతును. ఇంకొక మెలిక కలదు. ఆంగ్లమున 'బక్' అనగా మగదుప్పి. ఆ భాషలోనే 'బక్' అను వేరొక క్రియయు నుండెను. బట్టలను బూడిదనీట నానవేయుట, మన చాకలివారు ఉబ్బవేయుట వంటిది, దాని యర్థము. దుప్పితోలును సైతము బూడిదనీట నానవేయుదురు గనుక బక్‌స్కిన్ అనగా ఉబ్బవేసిన తోలే యని నేటి తోలుపనివారు కొందరు వాదింతురు. పనివాని దృష్టికి ఇంపైన వ్యుత్పత్తియే. కాని మేకతోలు, గొఱ్ఱెతోలు, ఆడదుప్పితోలు అనువానికి ఆంగ్లమున మృగనామముతోడనే సమాసము లేర్పడియుండగా, దీనికి మాత్రము వేరుదారి వెదకుట అనవసరము. చేతిపని ప్రామాణ్యమునకు హద్దులున్నవనుటకు ఇది మొదటి నిదర్శనము.

దుప్పినుండి వచ్చిన తోలంతయు బక్‌స్కిన్ కాదు. మన సీమలో తంగేడుచెక్కతో పదునుచేసిన తోలు వేరు. అందు చెట్టుకషాయము తోలుపోగులతో కలిసి వానిని కుళ్లని పదార్థముగ మార్చును. పచ్చితోలు వేరు; ఎండినచో పలకవలె బిగియును. మన తోలుబొమ్మలవారు కోరునది అట్టి బిగువునే, దీపకాంతి దాని గుండ దూరవలెను గనుక. బక్‌స్కిన్ ఈ రెంటికిని భిన్నము. కొవ్వుతో పోగులను విడదీసి, పొగతో ఆ స్థితిని నిలిపిన తోలది. ముట్టుకొన్నచో తోలుకంటె దళసరి ఉన్నిబట్టను తలపించును.

దాని తయారీని కొంత విపులముగ చెప్పక తప్పదు, ఏలయన తరువాతి వాదమంతయు దానిపై నాధారపడియున్నది. మృగమును ఒలుచునప్పుడు కత్తిని వీలైనంత తక్కువగ వాడి, పిడికిలితో త్రోయుచు తోలును విడదీయుదురు. కత్తిగాటు పడినచోట తోలును లాగునప్పుడు చిరుగు పడును. ఏటవాలుగ నిలిపిన నున్నని దుంగపై తోలును పరచి, రెండు చేతులతో పట్టు మొద్దుకత్తితో లోపలివైపు మాంసమును, కొవ్వును గీకివేయుదురు. పిమ్మట కొన్ని దినములు బూడిదనీట నాననిత్తురు. ఆ క్షారమునకు తోలు ఉబ్బును. పోగుల నడుమనుండు జిగురు సడలి కరగును. అప్పుడు మరల దుంగపై వేసి వెండ్రుకలను, వెండ్రుకల మూలములుండు గట్టి పైపొరను కూడ గీకివేయుదురు.

ఈ పైపొర విషయము ముఖ్యము. చెప్పులకు, సంచులకు వాడు సామాన్యపు తోళ్లలో నునుపైన ఆ పొరయే అందము. బక్‌స్కిన్‌లో దానిని తీసినగాని మెదడు లోనికి దిగదు, తోలు సాగదు. ఒక పాతదుస్తు పరిశోధకుని చేతికి వచ్చినపుడు పైపొర ఉన్నదా లేదా యని మొదట చూడవలెను. ఉన్నచో అది ఈ పద్ధతిలో తయారైనది కాదని తేలును. లేకున్నంతమాత్రమున అయినదని తేలదు. ఐరోపాలో చేపనూనెతో తయారగు తోలునకును పైపొరను తీసివేయుట కలదు.

క్షారము పోవునట్లు కడిగి, కఱ్ఱకు చుట్టి మెలిపెట్టి పిండిన పిదప మెదడు పట్టింతురు. గోరువెచ్చని నీటిలో మెదడును చిదిపి గంజివలె కలిపి, తోలును అందు ముంచి పిండుదురు; మరల ముంచుదురు. మెదడులోని లెసిథిన్ అను పదార్థమునకు నూనెను నీటితో కలుపు గుణము కలదు. అందువలన కొవ్వు తడితోలులోని పోగుపోగునకును చేరును. ప్రతి మృగమునకును తన తోలునకు చాలినంత మెదడుండునని అచ్చటి పనివారి సామెత. తరువాతిది చేతులు నొచ్చు పని. తడి ఆరునంతవరకు తోలును విడువక లాగుచుండవలెను. చేతులతో, కాళ్లతో, నేలలో పాతిన కొయ్య యంచున, బిగించి కట్టిన త్రాటిపైన. గంటలకొలది సాగు ఈ పనిని నడుమ నాపినచో ఆ భాగము అట్టవలె బిగియును. మరల మెదడునుండి మొదలు పెట్టవలెను.

ఇట్లు తయారైన తోలు తెల్లగ, మెత్తగ నుండును. కాని ఒక్కసారి వానలో తడిసి ఆరినచో గట్టిపడును. అందులకే పొగ. తోలును సంచివలె కుట్టి, చివికిన కట్టెతో మంటలేకుండ రాజుకొను నిప్పుపై నిలుపుదురు. పొగలోని ఆల్డిహైడులు పోగులను బంధించి, తడిసి ఆరునపుడు అవి ఒండొంటి కంటుకొని పలకగట్టకుండ కాపాడును. అటుపిమ్మట ఎంత తడిసినను కొద్దిపాటి నలుపుడుతో మెత్తబడును. పసుపు, గోధుమ, ముదురుతేనె, ఏ కట్టె వాడిరి, ఎంతసేపు పట్టిరి అనుదానిని బట్టి రంగు మారును. చలనచిత్రములలో తేనెరంగును చూచి అది దుప్పి యొడలి రంగనుకొనువారు కలరు. అది పొగ రంగు.

ఈ క్రమము నెరిగినవానికి మెరివెదర్ లూయిస్ దినచర్యలోని ఒక భాగము క్రొత్తగ కనిపించును. లూయిస్, విలియం క్లార్క్‌ల దండు 1805-06 శీతకాలమును పసిఫిక్ తీరమున ఫోర్ట్ క్లాట్సప్‌లో గడపెను. అచ్చటనున్న 106 దినములలో వాన కురియనివి 12 మాత్రమే. తోలుబట్టలు కుళ్లిపోవుచుండెను. తిరుగు ప్రయాణమునకై సైనికులు దుప్పులతోబాటు ఎల్క్ అను పెద్ద మృగము తోళ్లను పదునుచేయుచుండిరి. 1805 డిసెంబరు 1 నుండి 1806 మార్చి 20 వరకు 131 ఎల్క్‌లను, 20 దుప్పులను చంపినట్లు ఆ దండులోని సార్జెంటు పాట్రిక్ గాస్ లెక్క వ్రాసియున్నాడు. 1806 ఫిబ్రవరిలో లూయిస్ వ్రాసినదాని సారమిది: మెదళ్లు చాలక తోళ్లపని కుంటుపడుచున్నది, బదులు వాడుటకు సబ్బు లేదు, బూడిదనీరు కాచుదమన్నను అచ్చటి పైన్ జాతి కట్టెలు కాలిన పిదప బూడిదయే మిగులుట లేదు.

చరిత్రకారులు ఈ వాక్యములను దండు పడిన అగచాట్లకు ఉదాహరణముగ చూపి ముందునకు సాగుదురు. తోలుపని చేసినవాడు ఆగును. మెదడునకు బదులు సబ్బును, నూనెను కలిపి వాడుట నేటి సౌలభ్యమనియు, పూర్వపద్ధతి కాదనియు పునరభినేతలలో నియమపరులు కొందరు నిరసింతురు. సబ్బు బదులుగ పనికివచ్చునని 1806 నాటి సైనికులకే తెలియునని లూయిస్ మాటవలన తేలుచున్నది. ఇచ్చట వ్రాతప్రతి పనివానిని సరిదిద్దినది. బూడిద మాట దీనికి విపర్యయము. పనివాడు వ్రాతప్రతిని విశదపరచినాడు. గట్టికట్టె బూడిదలో క్షారము హెచ్చు, పైన్ వంటి మెత్తకట్టె బూడిదలో తక్కువ యని ఈ పని చేయువా రందరును ఎరుగుదురు. లూయిస్ వర్జీనియావాడు, ఓక్, హికరీ కట్టెలు కాల్చు సీమవాడు. అతని ఆశ్చర్యమునకు మూలమిది యని నేను తలంతును. ఆ బూడిదనీరు వెండ్రుకలు తీయుటకా, సబ్బు వండుటకా యనునది వాక్యమున తేలదు. రెంటికిని అది కావలసినదే. ఇక సామెత ప్రకారము 131 మృగములకు 131 మెదళ్లుండవలెను గదా! మృగములు పడినది చాలసార్లు కోటకు దూరమున. మాంసమును తెచ్చుకొనుటయే కష్టమైనదని దినచర్యలే చెప్పుచున్నవి. తలలు అడవిలో మిగిలినవని ఊహించుట అసంగతము కాదు.

మరియొక సంగతి. ఆ తీరవాసులైన క్లాట్సప్ జనులు ఆ వానలో దుప్పితోలు నమ్ముకొనలేదు. వారి స్త్రీలు దేవదారు పట్టనారతో చేసిన గోచీపావడలను, జనులందరు నారతో అల్లిన శంకువువంటి టోపీలను ధరించెడివారు. అరణ్యవాసమునకెల్ల తోలే తగిన దుస్తను భ్రమ వచ్చినవారిది, ఉన్నవారిది కాదు.

ఇక వర్తకము. దుప్పితోలు సరిహద్దువాని ఒంటిమీది బట్టగ మనకు పరిచితము; అంతకు చాలముందే అది అట్లాంటిక్ దాటి పోవు సరకు. 1699 నుండి 1715 వరకు దక్షిణ కెరొలైనానుండి ఇంగ్లాండునకు ఏటికి సగటున సుమారు 54,000 తోళ్లు ఎగుమతియైనవి. అచ్చట వానితో మోకాటిలాగులు, చేతితొడుగులు, పుస్తకముల అట్టలు తయారగుచుండెను. ఐరోపాలో పశువులకు తెగుళ్లు సోకి తోలు కరవైన దశలలో ఈ గిరాకి హెచ్చినది. వేటాడినది క్రీకు, చెరొకీ మొదలైన జాతుల పురుషులు. గీకి, మెత్తచేసి, పొగపట్టి, మూటకు సిద్ధపరచినది వారి స్త్రీలు. 1993లో వెలువడిన తన గ్రంథమున కాథరిన్ బ్రాండ్ ఈ స్త్రీశ్రమను వర్తకమునకు కీలకముగ నిరూపించెను. వర్తకుల ఖాతాలలో తోలు బరువు గలదు, వెల గలదు. లాగిన చేతుల లెక్క లేదు. ఒక తోలును స్వయముగ మెత్తచేసిన పునరభినేతకు 54,000 అను అంకె మరియొక తీరున తోచును. ఒక తోలునకు ఒక పూటయంతయు లాగుడుపని పట్టును. ఆ అంకెను పూటలతో గుణించి చూచినవాడు ఆ గ్రామములలోని స్త్రీల పగటికాలము ఎటుపోయినదో గ్రహింపగలడు.

దుప్పితోలు ద్రవ్యమానముగ కూడ నడచినది. 1748లో ఓహియో నదీతీరమున లాగ్స్‌టౌనులో పెన్సిల్వేనియా పక్షమున సంప్రదింపులు జరిపిన కాన్రాడ్ వైజర్ సారాయి పీపా వెలను ఐదు 'బక్కులు' అని తన దినచర్యలో వ్రాసెను. నేటి అమెరికా వ్యవహారమున డాలరును 'బక్' అనుట దీనినుండి వచ్చినదే యని సాధారణముగ చెప్పుదురు. ఈ ద్రవ్యమానముతోబాటు అప్పును పెరిగినది. తుపాకులు, మందు, ఉన్నిబట్టలు, రమ్ము ముందుగ తీసికొని, రాబోవు ఋతువు తోళ్లతో తీర్చు పద్ధతిలో ఋణములు గుట్టపడినవి. 1715 నాటి యమాసీ యుద్ధమునకు గల కారణములలో వర్తకుల ఋణపీడన యొకటి. 1773 ఆగస్టా ఒడంబడికలో క్రీకులును చెరొకీలును జార్జియాలో ఇరువది లక్షల ఎకరములకు మించిన భూమిని వర్తకుల బాకీలక్రింద వదలుకొనిరి. దుప్పితోలు చొక్కాయి ధరించి ఆ భూమిలో ప్రవేశించిన క్రొత్తకాపు, ఆ తోలును చేయు విద్యను, ఆ తోలు బాకీలో పోయిన నేలను కూడ ఒకే చేతినుండి గ్రహించెను. పునరభినయ శిబిరములలో ఈ రెండవ విషయము తఱచుగ వినబడదు.

క్రొత్తకాపులు నిజముగ నేమి ధరించిరి? దీనికి ఉత్తమసాక్షి జోసెఫ్ డాడ్రిడ్జ్. 1769లో జన్మించి పెన్సిల్వేనియా, వర్జీనియాల పడమటి అంచున పెరిగిన ఇతడు 1824లో ప్రకటించిన గ్రంథమున బాల్యమున చూచిన వేషమును వివరముగ వర్ణించెను. వేటచొక్కాయి వదులైన పైవస్త్రము, తొడల నడుమవరకు దిగును, చేతులు వెడల్పు, ముందు తెరచి, అడుగుకు పైగా ఒకవైపుపై మరియొకవైపు వచ్చునట్లు కప్పి నడికట్టు కట్టుదురు. మన అంగరఖాను ఇది కొంత పోలియున్నది. ఆ మడతయే రొట్టెను, ఎండుమాంసమును దాచుకొను సంచి. ఇక బట్ట: సాధారణముగ అవిసెనార పడుగు, ఉన్ని పేకగ నేసిన లిన్సీ, కొన్ని ముతక అవిసెనారబట్టవి, కొలదిమాత్రమే దుప్పితోలువి. ఆ తోలువి తడిసినచో చలివేసి మిక్కిలి బాధించునని అతడు స్పష్టముగ వ్రాసెను. 1775 జూలైలో జార్జి వాషింగ్టను తన సేనకై అడిగిన 10,000 వేటచొక్కాయిలును అవిసెపీచు బట్టవే. తోలు సామాన్యముగ వాడుకలోనున్నది కాళ్లకు; కాలితొడుగులు, మోకాటిలాగులు, మొకాసిన్ జోళ్లు. కుచ్చుల తోలుచొక్కాయితో నిలుచు సరిహద్దువీరుని ప్రతిమలో నడుమునకు పైభాగము చాలవరకు తరువాతివారి చేర్పు.

రాకీ పర్వతములలో నీటికుక్కల వంటి బీవరు మృగములను ఉచ్చులొడ్డి పట్టిన వేటకాండ్ర విషయము కొంత భిన్నము. అచ్చట మగ్గము లేదు, అంగడి లేదు. 1825 నుండి 1840 వరకు ఏటేట వేసవిలో జరిగిన 'రాందెవూ' సంతలకు మూటలలో వచ్చిన బట్టయే బట్ట. 1837 నాటి సంతకు వెళ్లిన చిత్రకారుడు ఆల్ఫ్రెడ్ జేకబ్ మిల్లర్ చిత్రములలో తోలుదుస్తులు విరివిగ కనబడును. కాని వానిలో 200 నీటిరంగుల చిత్రములు 1858లో విలియం వాల్టర్స్ కోరికపై తరువాత చిత్రించినవి. ఇరువదేండ్ల జ్ఞాపకపు మెఱుగు వానికి లేకపోలేదు. 1834 నుండి 1843 వరకు ఆ పర్వతములలో తిరిగిన ఆస్‌బోర్న్ రసెల్ వేటకాని వేషమును పట్టికవలె వ్రాసెను: దొరికినచో ఉన్ని లేక నూలు చొక్కాయి, దొరకనిచో ఏంటిలోప్ తోలుది, తోలు మోకాటిలాగు, కంబళితోనో, పొగబెట్టిన ఎనుబోతుతోలుతోనో కాలితొడుగులు, కంబళి చీలికలు చుట్టిన పాదములకు మొకాసినులు. ఇచ్చట తోలుచొక్కాయి గతిలేనపుడు తొడుగునది. 'పొగబెట్టిన' అను విశేషణమును చదువరి దాటిపోవును. తోలు చేసినవాడు దాటడు. అచ్చటివారు దాని కొఱకు ప్రత్యేకముగ పొగపట్టనక్కరలేదు. ఆదివాసుల గుడారముల శిఖరభాగపు తోలు ఏండ్లతరబడి వంటపొగను పీల్చి సిద్ధముగ నుండును. గుడారము పాతబడినపుడు ఆ భాగమును కోసి కాలితొడుగులు, మొకాసినులు కుట్టుట ఆ జాతులలో ఉన్న ఆచారము. ఉచ్చుల వేటకాడు నదులలో దిగి పనిచేయువాడు. తడిసి ఆరినను గట్టిపడని తోలు అతనికి అలంకారము కాదు.

పునరభినయముయొక్క చరిత్ర దీర్ఘమైనది కాదు. 1933లో ఏర్పడిన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ గ్రామమున పాతతరహా తుపాకుల పోటీలు జరుపుచు వచ్చినది. తుపాకి వెంట మందుకొమ్ము, గుండ్లసంచి, వాని వెంట దుస్తు వచ్చినవి. 1955లో నెబ్రాస్కాలోని చాడ్రన్‌లో బొచ్చుతోళ్ల వర్తకమునకై ఏర్పడిన మ్యూజియము కొలతలు తీసికొనుటకు అసలువస్తువులను చూపినది. 1968లో అమెరికన్ మౌంటెన్ మెన్ అను సంఘము వెలసినది. 1976 ద్విశతాబ్దివేడుకలు ఈ ఉత్సాహమును విస్తరింపజేసినవి. అనేక శిబిరములలో 1840 తరువాతి వస్తువును దేనిని కంటబడనీయరాదను నియమము కలదు. 1997లో మాట్ రిచర్డ్స్ రచించిన కరదీపిక వెలువడిన పిదప బూడిదనీటి పద్ధతి మరింత వ్యాప్తిచెందినది. నేడు తోలునకు కొరతయు లేదు. 1900 నాటికి కొలది లక్షలకు దిగిన తెల్లతోక దుప్పులు ఆ యేటి లేసీ చట్టము మొదలైన రక్షణలవలన ఇప్పుడు సుమారు మూడుకోట్లైనవి. వేటగాండ్రు మాంసము తీసికొని పారవేయు తోళ్లే అనేకము. మెదడు విషయమున మాత్రము జాగ్రత్త కావలసివచ్చినది. 1967లో కొలరాడోలో మొదట గుర్తింపబడిన ఒక క్షయవ్యాధి దుప్పుల మెదడును చెరచును గనుక, పలువురు కోడిగ్రుడ్ల పచ్చసొనను, లేదా ముందు చెప్పిన సబ్బును నూనెను వాడుచున్నారు. పచ్చసొనలోను ఉన్నది ఆ లెసిథినే.

చేతిపనినుండి గ్రహింపదగిన ఇంకొక సంగతి కోత. ఒక దుప్పితోలు ఒక చొక్కాయికి చాలదు. ఐరోపా దర్జీ పద్ధతిలో ముక్కలు కత్తిరించినచో మూడు నాలుగు తోళ్లు కావలెను. చాల భాగము చీలికలై పోవును. మైదానప్రాంతపు ఆదివాసుల పాతచొక్కాయిలు పెక్కు రెండు తోళ్లతో కుదిరినవి. తోలును దాదాపు కత్తిరింపక, మృగము ఆకారమునే దుస్తు ఆకారముగ నుంచి, కాళ్లతోలును అంచులలో వ్రేలాడనిత్తురు. కుట్టు వెన్నునరపు పోగుతో, ఆరెతో పొడిచిన రంధ్రములగుండ. లాగి లాగి మెత్తచేసిన తోలును వృథాగ కత్తిరించుటకు చేయి రాదని ఈ పని చేసినవారు చెప్పుమాట నమ్మదగినది. కాని అంతటితో ఆగరాదు. ఆ ఆకారమున మృగమునెడ గౌరవమును, కొన్ని చొక్కాయిలలో ధరించువాని పరాక్రమమునకు, పదవికి సంబంధించిన అర్థములును ఇమిడియున్నవి. తోలు పొదుపు వానిని వివరింపజాలదు. కుచ్చుల విషయమునను ఇంతే. వాన నీటిని కుచ్చులు దించివేయునని, అత్యవసరమున తెంపి త్రాడుగ వాడుకొందురని శిబిరములలో చెప్పుకొందురు. కుట్టునడుమ ఇమిడ్చిన తోలుపట్టెను చీల్చినచో కుచ్చులగుననునది మాత్రము వస్తువును చూచి చెప్పగల నిజము. మిగిలినది ఉపయోగవాదుల ఊహ. అందమునకై చేసినారనుటకు పనివారు ఎందులకో సిగ్గుపడుదురు!

ఆదివాసుల పక్షమునుండి వచ్చిన విమర్శ ఇంతకంటె గంభీరమైనది. డకోటా వంశీయుడైన చరిత్రకారుడు ఫిలిప్ డెలోరియా 1998లో ప్రకటించిన గ్రంథమున, 1773 బోస్టన్ తేయాకు సంఘటన మొదలుకొని శ్వేతజాతీయులు ఆదివాసి వేషము వేసికొని తమ స్వీయత్వమును నిర్మించుకొన్న తీరును విశ్లేషించెను. పునరభినేతలకు ఇది తగులును. మరచిపోయిన విద్యను తాము తిరిగి కనుగొంటిమని వారిలో కొందరనుట సత్యదూరము. కెనడా ఉత్తరభాగమున క్రీ, డెనె జాతుల స్త్రీలు మూస్ తోళ్లను మెదడుతో, పొగతో పదునుచేయుట నేటికిని మానలేదు. విద్య పోలేదు, అడిగినవారు లేరు. ప్రయోగముచేత గతమును పరీక్షించు పద్ధతిని జాన్ కోల్స్ 1973లో తన గ్రంథమున వివరించి, ప్రయోగము ఒకపని ఇట్లు జరుగవచ్చునని మాత్రమే చెప్పునని హద్దు గీచెను. దుప్పితోలు విషయమున ఆ హద్దును దాటుటకు ప్రయోగముకంటె మేలైన మార్గము ఉన్నది. ఆ స్త్రీలవద్ద కూర్చుండి నేర్చుకొనుట. కొందరు పునరభినేతలు అట్లు నేర్చుకొనుచున్నారు. వారి పని తక్కినవారి పనికంటె విలువైనదని నా అభిప్రాయము.

చివరకు మొకాసినుల సంగతి. డాడ్రిడ్జ్ వ్రాసిన వివరణ ఎంత ఖచ్చితమనగా, దానినిబట్టియే నేడు జోడు కుట్టవచ్చును. ఒకే తోలుముక్క, పాదముపైన ముడుతలు పెట్టిన కుట్టు, మడమనుండి చీలమండవరకు ముడుతలు లేని కుట్టు, కాలికి చుట్టుకొనుటకు ఇరువైపుల రెక్కలు, చలికాలమున లోపల దుప్పివెండ్రుకలు గాని ఎండుటాకులు గాని కూరుదురు. వానకాలమున అది ఉత్తకాళ్ల నడకకు మర్యాదైన పేరు మాత్రమేయని ఆనాటివారి చమత్కారమట. ప్రతి వేటగాని గుండ్లసంచి పట్టెకు ఒక ఆరె, ఒక తోలుచుట్ట ఉండెననియు, చిరిగిన మొకాసినులను బాగుచేసికొనుట దాదాపు ప్రతిరాత్రి పనియనియు అతడు చెప్పెను. గట్టి అడుగు లేని ఆ జోళ్లతో రాతినేలపై నడచిన పునరభినేతలు ఒక జత కొలది దినములకే అరుగునందురు. ఈ రెండు మాటలను ముందుంచుకొని ఫోర్ట్ క్లాట్సప్ లెక్కను మరల చూడవచ్చును. 1806 మార్చిలో కోటను విడుచునాటికి ఆ దండు కుట్టియుంచిన మొకాసినులు 300 జతలకు మించినవి; దండులోనివారు సుమారు 33 మంది. తలకు పదేసి జతలు చేతనుంచుకొని వారు తూర్పునకు బయలుదేరిరి.